కళ్లు మూసుకుని కొట్టిన ఓకే

పోయిన వారం హిమజను మనం బళ్ళారి ఆసుపత్రి వరండాలో వదిలిపెట్టాం. లోపల పక్కీరమ్మ కుడిచేతికి ఆపరేషన్ జరుగుతోంది. శనివారం మధ్యాహ్నం నెట్టికంటప్ప జీన్స్ వాషింగ్ యూనిట్‌లో, తడి ప్యాంట్లను గిరగిరా తిప్పి నీళ్లు పిండే హైడ్రో మిషన్ దగ్గర జరిగిన ఘోరం అది. మూత తీసి చెయ్యి లోపల పెట్టింది పక్కీరమ్మ. డ్రమ్ము ఇంకా తిరుగుతోంది. పూర్తిగా ఆగందే మూత తాళం వదలకూడదు, కానీ వదిలింది. ఎందుకు వదిలిందని ఊళ్లో ఎవరూ అడగలేదు. తొందరపడిందట, కళ్లు సరిగ్గా ఆనవట, ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోందట. చెయ్యి విరిగినదాని మీద మాటలు మోపడానికి ఖర్చేముంది.

హిమజకు మాత్రం ఒక్కటే అనుమానం. ఆ మిషన్‌ను నడిపే కంప్యూటర్‌లో శుక్రవారం సాయంత్రం తమ కంపెనీవాళ్లు పరీక్షకని ‘గూడు’ కొత్త వెర్షన్ పెట్టి, ఆపి ఆన్ చేసి వెళ్లారు, అదీ ఆమెకు చెప్పకుండా. శనివారం చెయ్యి పోయింది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్లకు గూడు సంగతి చెప్పాలి. అది చక్రధర్ కంపెనీ చేసే సాఫ్ట్‌వేర్. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను సృష్టిస్తుంది. బళ్ళారి వాషింగ్ యూనిట్లలో మిషన్లను నడిపే ప్రోగ్రాములు పాతికేళ్ల నాటివి. వాటిని రాసినవాళ్లు ఎప్పుడో దుకాణం ఎత్తేశారు. అవి నడిచిన కంప్యూటర్లు తుక్కు కింద పోయాయి. ప్రోగ్రాం లేకపోతే మాత్రం మిషన్ కదలదు. అందుకని దాన్ని నమ్మించాలి. నాయనా, నువ్వింకా నీ పాత కంప్యూటర్‌లోనే ఉన్నావు, దిగులుపడకుండా పని చేసుకో అని. ఆ నమ్మించడమే గూడు పని. కొత్త వెర్షన్లో పాత గూళ్లు కూడా ఉంటాయి, ఏ ప్రోగ్రాంకు అలవాటైన గూట్లో అది ఉంటుంది. అయితే ఎల్లకాలం అన్నింటినీ మొయ్యలేరు. ఎప్పుడో ఒకప్పుడు పాతదాన్ని తీసెయ్యాలి. అప్పుడు అందులోని ప్రోగ్రాం కొత్త గూట్లోకి మారి కూర్చుంటుంది. ఎప్పుడు తియ్యాలి, ఎవరిని అడిగి తియ్యాలి అన్నదే ఈ కథలో తగువంతా.

కంపెనీలో ఆ పాత గూళ్ల బాధ్యత హిమజది. వాటిలో బాగా పాతబడిన రెండో గూడు తీసెయ్యాలని మూడేళ్లుగా పోరింది ఆమే. దానికి పద్ధతి రాసిందీ ఆమే: ముందుగా నోటీసు చూపించాలి, రెండేళ్లు ఆగాలి, వాడేవాళ్లు రెండుసార్లు ఓకే కొట్టాకే తియ్యాలి. కొత్త వెర్షన్ అందరికీ వెళ్లాలంటే చివరగా హిమజ ఓకే, టెస్టింగ్ చేసే ప్రశాంత్ ఓకే, రెండూ కావాలి. శనివారం ఫోన్ రాగానే టేబుల్ మీద కంప్యూటర్ అలాగే వదిలేసి ఆసుపత్రికి పరుగెత్తిన మనిషి, మళ్లీ ఆఫీసు గడప తొక్కలేదు. పక్కీరమ్మ ఆమెకు పరాయిది కాదు. ఇద్దరిదీ ఒకే వీధి. చిన్నప్పుడు హిమజకు జడ వేసిన చెయ్యే ఇప్పుడు కట్లలో ఉంది.

మంగళవారం ఉదయం పక్కీరమ్మకు మత్తు పూర్తిగా దిగింది. ఒక మాట చెప్పింది. ఆ మాట విని హిమజ ఆటో ఎక్కి నేరుగా నెట్టికంటప్ప యూనిట్‌కు వచ్చింది.

మర్నాడు ఆయుధపూజ. గేటు దగ్గర బూడిద గుమ్మడికాయలు కుప్ప పోసి ఉన్నాయి. పెద్ద వాషింగ్ డ్రమ్ములు మాత్రం ఇంకా తిరుగుతున్నాయి, కాలవలో నీలం నీళ్లు పారుతున్నాయి. గోడ అవతల భీమప్ప యూనిట్‌లో అప్పుడే మైకు పెట్టి దేవర పాటలు మోగిస్తున్నారు. ఇవతల, హైడ్రో మిషన్ ఒక్కటే శనివారం నుంచి కదలకుండా ఉంది. దాని పక్కన చక్రధర్ కారు చూడగానే హిమజకు అరికాలి మంట నెత్తికెక్కింది.

కంప్యూటర్ ఉన్న అద్దాల గదిలో చక్రధర్ దర్జాగా కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు సండూరు గనుల నుంచి లారీలు తిప్పిన కుటుంబం. లారీలు తగ్గాక సాఫ్ట్‌వేర్‌లోకి దిగాడు. నెట్టికంటప్ప అతనికి ఎదురుగా నిలబడి ఉన్నాడు, తన యూనిట్‌లో తానే పనికి వచ్చినవాడిలా.

“రామ్మా హిమజా,” అన్నాడు చక్రధర్. “మంచి టయానికి వచ్చినావు. పండగ కాంగనే ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఏం చెప్పల్లనో అప్పకు చెప్తాండా.”

“ఏం చెప్పమంటాండారు సార్?”

“ఉండేదే. ఆయమ్మ లైటు చూడకుండా మూత తీసింది. మన సాఫ్ట్‌వేర్‌దేమీ తప్పు లేదు. పాత గూడు తీస్తామని రెండేండ్లుగా నోటీసు చూపిస్తాండాం, వీళ్లు రెండుసార్లు ఓకే కొట్టినారు.”

“నేను కొట్లేదప్పా,” అన్నాడు నెట్టికంటప్ప. “ఆ నోటీసు ఎట్లుంటాదో గూడా నాకు తెలీదు.”

“తెలీదంటే అయితాదా అప్పా. ఇదో, రికార్డు ఉండాది.” చక్రధర్ ట్యాబ్ తిప్పి చూపించాడు.

హిమజ చూసింది. రెండు ఓకేలు, పక్కన రెండు తేదీలు. ఒకటి పోయినేడు అక్టోబరులో, ఇంకొకటి ఆ ముందేడు అక్టోబరులో. ఆ రెండు రోజులూ ఆమెకు గుర్తున్నాయి. ఆఫీసుకు సెలవు. వేలితో కిందికి జరిపింది. రెండో గూడు వాడే యూనిట్లన్నీ వరసగా వచ్చాయి. అందరి ఓకేలూ అవే రెండు తేదీల్లో ఉన్నాయి. పక్కనున్న భీమప్ప యూనిట్‌ది మాత్రం రెండేళ్లూ ఒకరోజు ముందుంది.

“ఇవి ఆయుధపూజ దినాలు సార్.”

“అయితే?”

ఆమె నెట్టికంటప్ప వైపు తిరిగింది. “అన్నా, ఈ కంప్యూటర్‌ను మీరు ఎప్పుడెప్పుడు ఆఫ్ చేసి ఆన్ చేస్తారు?”

“ఆఫ్ చేసేదేంది మ్మా? మూడు షిఫ్టులు నడుస్తాది. ఏడాదికొక్కసారి, ఆయుధపూజకు ఆపి, తుడిచి, పూజ చేసి ఆన్ చేస్తాం. ఈ లైన్లో అందరిదీ అంతే. భీమప్పోల్లది అష్టమి నాడే, వాళ్లింటి పద్ధతి అది.”

“పూజనాడు ఆన్ చేసేదెవరు?”

“ఎవరంటే, మాయమ్మే. ఇంటికి పెద్ద కదా.”

హిమజ తన చెవులను తానే నమ్మలేదు. ఆఫీసుల్లో అందరూ పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేస్తారు, సాయంత్రం ఆపుతారు. యూనిట్లలోనూ అంతే అనుకుంది. ఆన్ చేసినప్పుడు నోటీసు కనపడితే చాలు, రోజూ చూస్తారులే అనుకుంది. చదువుకున్న బుర్ర అలాగే అనుకుంటుంది మరి. ఆ నోటీసు ఇక్కడ ఏడాదికి ఒక్కసారి, అదీ పూజ నడుమ కనపడి మాయమైందని ఇప్పుడు తెలిసింది.

నెట్టికంటప్ప తల్లి హొన్నమ్మ గది బయట గోడకు చేరగిలబడి బంతిపూలు గుచ్చుతోంది. ఎనభై దాటిన మనిషి. హిమజ వెళ్లి పక్కన కూర్చుంది.

“అవ్వా, పూజనాడు కంప్యూటర్ ఎట్ల ఆన్ చేస్తావో ఒకసారి చూపిస్తావా?”

“ఈ పొద్దు చేయగూడదు మ్మా. రేపు.”

“చేయొద్దులే. సుమ్నే, ఊరికే చూపించు.”

హొన్నమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని లోపలికి వచ్చింది. కంప్యూటర్ ముందు నిలబడి దండం పెట్టి కళ్లు మూసుకుంది. కళ్లు మూసుకునే చెయ్యి చాపి, పవర్ బటన్ ఎక్కడుందో తడిమి, నొక్కకుండా వేలు తీసింది. “ఇది నొక్కుతా. అప్పుడు అది టింగుమంటాది. అన్నంక ఈ పెద్ద మీట కొడతా.” ఆమె వేలు ఎంటర్ మీట మీద ఆగింది. నోటీసుకు ఓకే పడేది ఆ మీటతోనే. మీట సందుల్లో పోయినేటి కుంకుమ ఇంకా అలాగే ఉంది.

“కండ్లు యాల మూసుకుంటావవ్వా?”

“అట్లడుగుతావేంది మ్మా. ఏడాదంతా అన్నం పెట్టే మిషన్ మొగాన్ని మొదట హారతి వెలుతురులో చూడల్ల. హారతి ఇచ్చేదాంక ఎవురూ కండ్లు తెరవగూడదు. నేనే కాదు, ఈ గదిలో నిలబడినోల్లంతా మూసుకుంటారు.” హొన్నమ్మ కళ్లు తెరిచి చక్రధర్‌ను చూసింది. చూసి నవ్వింది. “కావల్లంటే ఈయప్పను అడుగు. రెండేండ్లుగా పిలుస్తే వస్తాండాడు పాపం. నా పక్కనే నిలబడతాడు. పోయినేడు టింగుమన్నది నాకు ఇనపడకపోతే, ‘కొట్టవ్వా, ఇప్పుడు కొట్టు’ అని చెప్పింది గూడా ఈయప్పే.”

గోడ అవతల మైకు మోగుతూనే ఉంది. చక్రధర్ దొంగకు తేలు కుట్టినట్టు ట్యాబ్ వైపు చూస్తూ ఉండిపోయాడు. తన మాటతో ఏం బయటపడిందో తెలియని హొన్నమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

హిమజకు ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. నోటీసు రోజూ షిఫ్టు మారేటప్పుడల్లా కనపడేలా ఆమె చేసింది. చక్రధర్ ఒప్పుకోలేదు. రోజూ కనపడితే రోజూ ఫోన్లు చేస్తారు, ఎవరు పలకాలి, ఆన్ చేసినప్పుడు ఒక్కసారి కనపడితే చాలు అన్నాడు. ఆమె సరేనంది. ఆ మాటను అంత తేలిగ్గా మింగినందుకు ఇప్పుడు తన మీద తనకే ఒళ్లు మండింది. అతని మీద అంతకు వందరెట్లు మండింది.

“మీకు తెలుసు,” అంది. “ఈడ ఏడాదికొక్కసారే ఆన్ చేస్తారని తెలుసు. ఆ టయానికి ఎవరూ కండ్లు తెరవరని తెలుసు. తెలిసే నోటీసు ఆన్ చేసే టయానికి మార్పించినారు. ఎవరైనా చదివితే కదా వద్దనేది. చదవకుండా చేసి, ఎవరూ వద్దనలేదని నా చేత గూడు తీయించినారు.”

“గొంతు తగ్గించు. నోటీసు ఇయ్యల్లంటివి, ఇచ్చినాం. వాళ్లు కండ్లు మూసుకుంటే మన పూచీనా?” చక్రధర్ తేరుకున్నాడు. “ఇంకో మాట అడుగుతా చెప్పు. రెండో గూడు తీయల్లని నా ప్రాణం తిన్నది ఎవరు? దాన్నిండా బొక్కలు ఉండాయి, వైరస్సులు దూరతాయి, ఇద్దరు మనుషులం మొయ్యలేకుండాం అని మూడేండ్లు ఏడ్చింది నువ్వు కాదా? బెంగళూరు నుంచి పెద్ద కంపెనీవాళ్లు పండగ అయినంక చూసేకి వస్తాండారు. ఆ బొక్కల గూడు చూపించి పరువు తీసుకుందామా?”

అందులో అబద్ధం లేదు. అదే హిమజకు మరీ కాలింది. పాతదాన్ని పట్టుకుని వేలాడే మనిషి కాదామె. కూలబోయే గోడను కూల్చాలి, అందులో ఎవరికీ అనుమానం లేదు. కానీ గోడ కింద ఎవరు కూర్చున్నారో చూసుకుని కూల్చాలి కదా.

“తీయొద్దని నేను యాడ చెప్పినా సార్? అడిగి తీయమన్నా. ఒక్కో యూనిట్‌కు పోయి, వాళ్ల ప్రోగ్రాం కొత్త గూట్లో ఎట్ల నడుస్తాదో పక్కన నిలబడి చూసి, తేడా వస్తే సరిచేసి, అప్పుడు తీయమన్నా. చెప్పడమంటే అది. ముసలమ్మ వేలు పట్టుకుని మీట కొట్టించేది చెప్పడం కాదు.”

“ఎవరి వేలూ ఎవరూ పట్టుకోలేదు. అయినా గూటికీ ఆయమ్మ చెయ్యికీ ఏం సంబంధం? సంబంధం ఉండాదని నువ్వు చూపించు, ఈడ్నే ఒప్పుకుంటా.”

“చూపిస్తా. నెట్టికంటప్పన్నా, హైడ్రో ఆన్ చేయి.”

అందరూ గది దాటి మిషన్ దగ్గరికి వచ్చారు, నెట్టికంటప్ప మాత్రం నాలుగడుగుల దూరంలో ఆగాడు. శనివారం నుంచి ఆ మిషన్ దగ్గరికి ఎవరూ పోవడం లేదు. చివరికి తానే నాలుగు తడి ప్యాంట్లు డ్రమ్ములో వేసి, మూత మూసి, బటన్ నొక్కాడు. మూత తాళం పడింది. ఎర్రలైటు వెలిగింది. మిషన్ ఊళ పెట్టి తిరగడం మొదలైంది. కాళ్ల కింద నేల అదిరింది. చుట్టుపక్కల పనివాళ్లు చేతిలో పని ఆపి చూస్తున్నారు.

“ఈ ప్రోగ్రాంకు టైము చూసుకునేది తెలీదన్నా,” అంది హిమజ, మిషన్ మోతకు గొంతు పెంచి. “దాగుడుమూతల్లో పిల్లోడు లెక్కబెట్టినట్ల, అంకెలు లెక్కబెడతాది. మోటార్ ఆగినంక ఇన్ని అంకెలు లెక్కబెట్టి తాళం తీయమని దాన్ని రాసినోడు రాసిండాడు. రెండో గూట్లో అది నిదానంగా లెక్కబెడతాండె. లెక్క అయిపోయేలోపల డ్రమ్ము నిలిచిపోతాండె. కొత్త గూడు శానా వేగం. అవే అంకెలు గబగబా చదివి పారేస్తాది.”

మోటార్ ఆగింది. ఊళ కొంచెం కిందికి దిగింది, అంతే. లోపల డ్రమ్ము ఇంకా జోరుగా తిరుగుతోంది. ఖట్‌మని తాళం విడిచింది.

పచ్చలైటు వెలిగింది.

హిమజ ప్యాంట్లు కదిపే వెదురుకర్ర తీసుకుంది. దాని కొసతో మూత ఎత్తింది, అదే కర్రను లోపలికి జార్చి వదిలేసింది. డ్రమ్ము దాన్ని లాక్కుంది. టపటపమని మూడు దెబ్బలు. సగం కర్ర ఎగిరి గోడకు తగిలింది. ఇంకో సగం లోపల నలుగుతూనే ఉంది. పనివాళ్లలో ఎవరో అయ్యో అన్నారు. కాసేపటికి గానీ డ్రమ్ము ఆగలేదు.

“‘పచ్చలైటు చూసే తీసినా హిమజా,’” అంది ఆమె. “పక్కీరమ్మక్క పొద్దున నాతో అన్న మాట ఇదొక్కటే. చెయ్యి నొప్పి గురించి గూడా చెప్పలేదు. ఊరంతా ఆయమ్మను తిడతాంటే, ఆ లైటు నిజంగా చూసిందా లేదా అని తన కండ్లనే అనుమానిస్తాంది.”

నెట్టికంటప్ప తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. పక్కీరమ్మ తొందరపడిందని మూడు రోజులుగా వీధి వీధికీ చెప్పింది ఆయనే. “నా నోట్లో మన్ను పడ,” అన్నాడు. “పద్దెనిమిదేండ్లుగా నా కాడ పని చేస్తాండాది. ఒక్కసారన్నా ఆమెను అడగల్ల కదా నేను.” చక్రధర్ వైపు తిరిగాడు. “ఏమప్పా, ఈ మాట చెప్పమంటివి కదా నన్ను ఇన్‌స్పెక్టర్‌కు? దాని చెయ్యి నువ్వు తీసి, దాని నోరు నన్ను మూయమంటివి.”

అన్నింటికంటే హిమజ చూడలేకపోయింది హొన్నమ్మను. ముసలామె తన కుడిచేతి చూపుడువేలిని ఎడమచేత్తో పట్టుకుని దాన్నే చూస్తోంది. “నేను కొట్టింది పోయి దాని చెయ్యి మీద పడిందా మ్మా?” అని అడిగింది.

“నీది కాదవ్వా,” అంది హిమజ. ఏడుపు వచ్చింది. ఏడవడానికి ఇది సమయం కాదని కోపాన్నే గట్టిగా పట్టుకుంది. “నీ తప్పు లేదు. నిన్ను నిలబెట్టినోల్లది తప్పు.”

చక్రధర్ కిందపడ్డ కర్రముక్కను కాలితో పక్కకు తోశాడు. ఈడ్నే ఒప్పుకుంటానన్న మాట ఇప్పుడు అతనికి గుర్తు లేదు. “సరే. అయిందేమో అయింది. ఈ యూనిట్ వరకు పాత వెర్షన్ మళ్ల పెట్టిస్తా.”

“ఈ యూనిట్ వరకు కాదు. రేపు పొద్దున లైన్లో ఉండే యూనిట్లన్నీ ఆపి ఆన్ చేస్తారు. ప్రతి గదిలోనూ ఇట్లాంటి అవ్వ ఒకరు కండ్లు మూసుకుని నిలబడతారు. కొత్త వెర్షన్ ఒక్కరికీ పోగూడదు. నా ఓకే లేనిదే పోదు, నేను ఇయ్యను.”

చక్రధర్ కారు తాళాలు తీసి జేబులో వేసుకున్నాడు, మళ్లీ బయటికి తీశాడు. మాటకు మాట అప్పజెప్పే మనిషి ఒక్కసారిగా మూగనోము పట్టడం హిమజకు నచ్చలేదు. ఆమె ఫోన్ తీసి ప్రశాంత్‌కు కలిపింది.

“అక్కా, పక్కీరమ్మకు ఎట్లుండాది ఇప్పుడు?”

“బాగుండాది. ప్రశాంత్, కొత్త వెర్షన్‌కు నువ్వు ఓకే ఇయ్యొద్దు. నేను వచ్చి అంతా చెప్తా.”

“ఇచ్చేసినా కదక్కా. నీ ఓకే వచ్చినంకే ఇచ్చినా. పొద్దున్నే అందరికీ పంపించేసినాం.”

“నేను యాడ ఇచ్చినా?”

“నీ టేబుల్ మీది కంప్యూటర్ నుంచే వచ్చిండాది. నువ్వు ఆఫీసుకు వచ్చిపోయినావేమో అనుకుంటిని.”

పొద్దున హిమజ ఆసుపత్రి మంచం పక్కన ఉంది. పక్కీరమ్మ తల ఎత్తిపట్టి నీళ్లు తాగిస్తోంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ఆమె చక్రధర్ వైపు తిరిగింది. ఇంతకాలం నోట్లోంచి మీరు తప్ప రాని మనిషి ముందు ఇప్పుడు ఆ మాట రాలేదు.

“నా ఓకే కొట్టింది నువ్వేనా?”

“తెరిచే పెట్టి పోయినావు కదా. పండగ ముందే అయిపోవాల్సిన పని, నీ కోసం ఎన్నిదినాలు కాచుకోవల్ల?” చక్రధర్ ఆమె కళ్లలోకి చూడకుండా అన్నాడు. “అయినా తీసింది నువ్వు, పద్ధతి రాసింది నువ్వు. కడాకు ఒక మీట ఎవరు కొడితే ఏముండాది?”

హొన్నమ్మ కళ్లు మూసుకుని కొట్టింది. ఈ పెద్దమనిషి రెండు కళ్లూ తెరుచుకునే కొట్టాడు. ఆ ఒక్క క్షణం హిమజకు అతన్ని చెంప మీద లాగి కొట్టాలనిపించింది. చెయ్యి కూడా లేచింది. ఫోన్లో ప్రశాంత్ పిలుస్తుండబట్టి ఆగింది.

“అక్కా, అక్కా. ఏమైంది? వాపసు తీయమంటావా?”

“తీయి. ఇప్పుడే.”

“తీస్తాండా. భయపడొద్దక్కా. నడిచే మిషన్లకు ఇంకా దిగలేదు, ఆపి ఆన్ చేస్తేనే దిగుతాది. పూజ రేపు కదా, ఈ పొద్దు ఎవరు ఆపుతారు?”

హిమజ ఊపిరి వదిలింది. నిజమే, పూజ రేపు. లైన్లో అందరి ఓకేలూ పూజనాటివే. అందరివీ అనుకోబోయి ఆగింది. ఒక యూనిట్‌ది మాత్రం రెండేళ్లూ ఒకరోజు ముందుంది. అష్టమి నాడే, వాళ్లింటి పద్ధతి అది.

అప్పుడు గమనించింది. ఇంతసేపూ మోగుతున్న మైకు ఆగిపోయింది.

గోడ అవతల గుమ్మడికాయ ఫెడేలున పగిలింది. జనం దేవరకు జై కొట్టారు. ఆ వెంటనే హైడ్రో మిషన్ ఊళ లేచింది, ఇక్కడ ఇందాక లేచినట్టే.

“భీమప్పన్నా, ఆపండి,” అని కేకేసింది హిమజ. గోడ ఆమెకు రెండు నిలువులుంది. మిషన్ మోతలో ఆ కేక ఇటువైపు పనివాళ్లకే సరిగ్గా వినపడలేదు. ఆమె గేటు వైపు పరుగెత్తింది. గుమ్మడికాయల కుప్పకు కాలు తగిలి పడబోయి, నిలదొక్కుకుని, మళ్లీ పరుగెత్తింది. వెనక నెట్టికంటప్ప వస్తున్నాడు. రోడ్డు మీదికి వచ్చేసరికి భీమప్ప గేటు మూసి ఉంది, గడియ లోపలివైపు. రెండు చేతులతో గేటు మీద బాదింది.

లోపల మోటార్ ఆగింది. డ్రమ్ము మోత మాత్రం ఇంకా తగ్గనే లేదు. ఆ మోత మీదుగా ఎవరో ఆడమనిషి గొంతు, పండగ సంబరంతో, స్పష్టంగా వినపడింది.

“పచ్చలైటు వచ్చె. మూత తీయే.”